సముద్రంలో వదిలిన బతుకమ్మ

పోచమ్మ తల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా టైర్ల దుకాణం మీద కూడా ఒట్టు. అత్వెల్లిలో నన్నెరిగినవాళ్లు ఈ మాటకు నవ్వుతారని తెలుసు. నేను చేప పట్టానంటే కనీసం తోకైనా చూపించమనే ఊరు అది. నవ్వుకోనివ్వండి.

ఇంకో మాట. దెయ్యాలున్నాయని నేనేనాడూ నమ్మలేదు. శామీర్‌పేట చెరువు కట్ట మీద దెయ్యం తిరుగుతోందన్న పుకారు పుట్టించింది నేనే కాబట్టి, అవి ఎలా పుడతాయో నాకు బాగా తెలుసు.

దసరా సెలవులకు సముద్రం చూద్దామన్నది మా అమ్మాయి శ్రావణి. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతోంది. మా కాలనీలో ఉండే మూర్తి గారిది భీమిలి అవతల, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. అక్కడి పెంకుటిల్లు ఖాళీగానే ఉంది, హాయిగా ఉండి రండి అని ఆయన తాళంచెవి ఇచ్చారు. నా భార్య సువర్ణ మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు. పెళ్లయిన దగ్గర్నుంచి ఏ ఏడూ బతుకమ్మ ఆడకుండా ఉండలేదట. చివరికి అక్కడే ఆడతానన్న షరతు మీద కదిలింది. తంగేడు, గునుగు పూలు తడిబట్టలో చుట్టి, రైల్లో ఆ మూటను ఒడిలోంచి దించలేదు. మా అమ్మ కూడా మాతో వచ్చింది.

ఇల్లు మాకు తెగ నచ్చింది. వరండాలో నులకమంచం, వెనక జీడిమామిడి తోట, తలుపు తీస్తే అలల చప్పుడు. చేపల పులుసు తినడం, పడుకోవడం తప్ప పని లేదు. అమ్మ ఒక్కతే సముద్రాన్ని చూసి పెదవి విరిచింది. "గిన్ని నీళ్లున్నయి, ఒక్క మడికన్న పారుతయా?" అంది.

రెండో రోజు అమావాస్య. ఎంగిలిపూల బతుకమ్మ. సువర్ణ పొద్దంతా కూర్చుని పూలు పేర్చింది. పొద్దు వాలకముందే వాకిట్లో పెట్టి అత్తాకోడళ్లు, శ్రావణి ఆడారు. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి వింతగా చూసి, వాళ్లూ చప్పట్లు కలిపారు. ఒడ్డుకు బయలుదేరితే సరుగుడు చెట్ల దాకా వచ్చి ఆగిపోయారు. అమావాస్య పూట నీళ్ల దగ్గరికి రామన్నారు.

మాకు తెలిసింది చెరువు. చెరువులో బతుకమ్మను వదిలి, చేత్తో నీళ్లు కాస్త తోస్తే చాలు, తన దారిన తను పోతుంది. పోయింది మళ్లీ వెనక్కి రాకూడదు. సముద్రం సంగతి మాకేం తెలుసు? సువర్ణ మోకాలి లోతులో వదిలింది. అల తెచ్చి ఆమె కాళ్ల దగ్గరే పెట్టింది. మళ్లీ వదిలింది. మళ్లీ తెచ్చింది. నీ పేర్పు గంగమ్మకు నచ్చలేదేమో అని నేను ఒడ్డు మీద నుంచి వెక్కిరించాను. అమ్మ ముఖం మాత్రం మారింది.

"వాపసు రావద్దే బిడ్డా. జర లోపలికి పొయ్యి ఇడువు."

సువర్ణ నడుము లోతుకు వెళ్లింది. వదిలి, ఇటు తిరిగింది. కాళ్ల కింద ఇసుక జారిందేమో, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే లోపలికి పోయింది. కేక కూడా లేదు. కొప్పులోని బంతిపువ్వు ఒక్కసారి కనబడింది, అంతే.

పరుగెత్తాను. చెరువులో నేర్చిన ఈత అక్కడ ఎందుకూ పనికి రాలేదు. అల నన్ను ఎత్తి ఒడ్డుకు విసిరింది. కళ్లలో ఉప్పు, నోట్లో ఇసుక. లేచాను, మళ్లీ పడ్డాను. నేనే పంపిన, నేనే పంపిన అని అమ్మ ఇసుకను చేతులతో కొడుతోంది.

అప్పుడు ఒక ముసలి జాలరి నన్ను దాటుకుని నీళ్లలోకి వెళ్లాడు. నెత్తిన ఎర్ర తువ్వాలు. మీదికి వచ్చిన అల కింది నుంచి దూరిపోయాడు. కాసేపటికి, జాతరలో తప్పిపోయిన పిల్లను తెచ్చినట్టు సువర్ణను చెయ్యి పట్టి నడిపించుకొచ్చాడు.

"ఏటి బాబూ, సముద్రాన్ని సెరువనుకున్నారేటి?" అన్నాడు. నేను దండం పెట్టేలోగా పడవల వెనక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు సువర్ణ కొత్త తువ్వాలు ఒకటి చేతిలో పెట్టి, ఆయనకు ఇచ్చి రమ్మంది. ఊరంతా అడిగాను. అలాంటి మనిషి ఆ ఊళ్లో లేడన్నారు. అమావాస్యనాడు ఎవరూ వేటకు పోరు, ఒడ్డున ఎవరుంటారని నన్నే అడిగారు.

దుకాణం దగ్గర ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడే ఆపుతాను. విన్నవాళ్ల చేతుల్లో చాయ్ చల్లారిపోతుంది. కానీ పోచమ్మ మీద ఒట్టేసి ఇక్కడ ఆపితే నాకు నిద్ర పట్టదు. ఒకటి కల్పించాను. ఆ ముసలి జాలరి లేడు.

ఎర్ర తువ్వాలు, చెరువు మాట, ఊరి వాళ్ల జవాబు, అన్నీ నావే. ఒడ్డున మేము తప్ప ఎవరూ లేరు. నేను ఇసుకలోంచి తలెత్తేసరికి సువర్ణ నీళ్లలోంచి నడిచి వస్తోంది. వచ్చి కూలబడి, ఉప్పునీళ్లు కక్కి, వెనక్కి తిరిగి చూసింది.

"నా చెయ్యి వట్టుకున్నదెవలు?"

అమ్మ నా ముఖం చూసింది. శ్రావణి నా ముఖం చూసింది. అలవాటైన నోరు ఆలస్యం చెయ్యలేదు. జాలరాయన, పోయిండు అన్నాను. ఆమె వణుకు తగ్గింది. తువ్వాలు ఇచ్చి పంపితే చంకలో పెట్టుకుని, ఎవరినీ అడగకుండానే ఊరు చుట్టి వచ్చాను. దొరకలేదన్నాను.

బతుకమ్మ సాగనంపడాన్ని శ్రావణి మొదటి నుంచీ ఫోన్‌లో తీస్తోంది. భయంతో కొయ్యబారిపోయింది గానీ చెయ్యి దించలేదు. వంటింట్లోకి పిలిచి నాకు చూపించింది. నేను పడుతూ లేస్తున్నాను. నా వెనక సువర్ణ ఒక్కతే వస్తోంది. అలలు విరిగే చోట, మనిషి నిలబడలేని చోట, మామూలుగా నడుస్తోంది. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. ఎవరో మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకున్నట్టు గాజులన్నీ మోచేతి వైపు ఒత్తుకుని ఉన్నాయి. ఒడ్డుకు రాగానే, వదిలేసినట్టు, అన్నీ ఒక్కసారిగా కిందికి జారాయి.

"బాపూ, డిలీట్ చెయ్యాల్నా?" అంది శ్రావణి.

వద్దన్నాను. సువర్ణకు ఇంతవరకు చూపించలేదు. నేను రాసేవి ఆమె చదవదు, ఇంట్లో వినేవే ఎక్కువంటుంది. ప్రతి బతుకమ్మకూ ఆ జాలరాయన చల్లగుండాలని మొక్కుకుంటుంది, నేను పక్కన తలవంచుకుని నిలబడతాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి దేనికైనా నా దగ్గరొక అబద్ధం సిద్ధంగా ఉండేది. ఆ చెయ్యి ఎవరిదో నాకు నేను చెప్పుకోవడానికి మాత్రం ఒక్కటీ దొరకడం లేదు.