వదులు పంట్లాం

టైలరు మాస్టారి ఎడమ మోకాలి కింద ఎముకకు కుర్రతనం నుంచీ ఒక బుడిపె ఉంది. నొప్పి లేదు, గొడవా లేదు. భార్య ఉన్నన్నాళ్లూ ఎవరికైనా చూపించమని పోరు పెట్టేది. ఆయన వింటేనా! ఆమె పోయాక ఆ పోరూ పోయింది. బుడిపె మాత్రం ఈ మధ్య పెరగసాగింది.

ఇంకొకరైతే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవారు. ఈ మహానుభావుడు పంట్లాం కుట్లు విప్పి ఆ కాలు వదులు చేశాడు. తేడా కనిపించకూడదు కాబట్టి రెండో కాలూ వదులు చేశాడు. అది చాలక అన్ని పంట్లాలూ అలాగే కొత్తగా కుట్టుకున్నాడు.

"ఈ వయసులో ఫ్యాషనేంటి బాబాయ్?" అని వాటిని ఇస్త్రీ చేసే పక్క లాండ్రీ అతను ఆటపట్టిస్తే, నవ్వి ఊరుకున్నాడు.

చివరికి మిషను తొక్కుతుంటే కాలు సలపడం మొదలైంది. ఇక తప్పక ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరమ్మ తడిమి చూసింది.

"మనిషి ఎదగడం ఆగాక ఇలాంటివి పెరగకూడదండీ. క్యాన్సరేమో చూడాలి. ముక్క తీసి పరీక్షకు పంపుదాం. రిపోర్టు రోజున మీవాళ్లనెవరినైనా వెంట తెచ్చుకోండి."

మీవాళ్లట! పిల్లలు లేరు. ఉన్న ఒక్క అక్కా మంచాన పడింది. లాండ్రీ అతన్ని అడగాలని మాట నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. కాలు తీసేస్తే మిషను తొక్కేదెలా అనుకుంటూ, ఏడిస్తే ఒక్కణ్ణే ఏడుద్దామని గుండె రాయి చేసుకుని రిపోర్టు రోజున ఒంటరిగా వెళ్లాడు.

"క్యాన్సర్ కాదండీ," అంది డాక్టరమ్మ. "మామూలు గడ్డే. రాపిడికి పైన నీటి తిత్తి కట్టి పెరిగినట్టు కనిపించింది. తీసేస్తే సరిపోతుంది. మీతో ఎవరూ రాలేదా?"

"బయట కూర్చున్నారండీ," అని అబద్ధమాడాడు.

బయట బెంచీ ఖాళీగా ఉంది. పోయిన ప్రాణం లేచొచ్చింది, చెప్పుకుందామంటే మనిషి లేడు. చెడ్డ కబురు ఒక్కడే భరించడానికి సిద్ధపడ్డాడు గానీ, మంచి కబురుకే తోడు ఇంత అవసరమని పాపం ఆయనకు తెలియదు. ఉండబట్టలేక నేరుగా లాండ్రీకి వెళ్లాడు.

"అబ్బాయ్, గడ్డ మంచిదేనటరా! క్యాన్సర్ కాదట!"

లాండ్రీ అతను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఆయన్ను ఎగాదిగా చూశాడు.

"ఏ గడ్డ బాబాయ్?"

మాస్టారు తల వంచి కాళ్ల వైపు చూసుకున్నాడు. పంట్లాం ఎక్కడా ఎత్తు కనబడకుండా తిన్నగా జారి ఉంది. జన్మలో అంత బాగా కుదిరిన కుట్టు ఆయన మరొకటి కుట్టలేదు.