ఖాదర్ లుంగీలో బొచ్చెచేప

1984 జూన్‌లో నన్ను నెల్లూరు నుంచి ఆత్మకూరుకు ఫిషరీస్ ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. ఉదయగిరి దాకా ఉన్న చెరువులన్నీ నా పరిధిలోవే. కానీ అసలు పని సోమశిల దగ్గర. ఆనకట్ట కట్టడం ఇంకా సాగుతూనే ఉంది, వెనకాల మాత్రం నీళ్ళు నిలిచి పెద్ద చేపలు పెరిగాయి. ఆ ఒడ్డున కొత్తగా కట్టిన రెండు తొట్లలో చేపపిల్లల ఉత్పత్తిని ప్రయోగంగా మొదలుపెట్టమని ఉత్తర్వు. నా పైన నెల్లూరులో అసిస్టెంట్ డైరెక్టరు గారు ఉండేవారు. ఆయనకు మనుషుల మాటకన్నా కాగితం మీద నమ్మకం ఎక్కువ. నాకూ అప్పట్లో అదే జబ్బు.

పని గురించి కొంచెం చెప్పాలి. బొచ్చె, శీలావతి చేపలు చెరువులో ఎంత లావు పెరిగినా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. అందుకని వానాకాలం మొదట్లో ఎదిగిన ఆడ, మగ చేపలను ప్రాణంతో తెచ్చి, వేరే చేపల మెదడు అడుగున ఉండే గ్రంథి నుంచి తీసిన రసాన్ని సూదితో ఎక్కించి, నీళ్ళలో కట్టిన గుడ్డ తొట్టిలో జతగా వదులుతాం. ఇలాంటి చేపను కాగితాల్లో బ్రూడర్ అని రాసేవాళ్ళం, మాటల్లో తల్లిచేప అనేవాళ్ళం. సూది వేసేముందు మూడు నాలుగు రోజులు తేరుకోనివ్వాలి. దాని ఒంటిమీద పొలుసులు రాలితే ఆ చోట దూదిలాగా తెల్లటి బూజు పడుతుంది. బూజు పట్టిన తల్లిచేప సూదిదాకా రాదు.

గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ జలాశయంలో వేట నిషేధం. తల్లిచేపలు తెచ్చే ఒక్క పుట్టికి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవకు, మాత్రం నా చేతిమీదుగా అనుమతి ఇచ్చేవాళ్ళం. పనికిరాని చేపలు పడితే వాళ్ళే అమ్ముకోవచ్చు. ఆ ఏడాది ఆ అనుమతి పెంచలయ్య, సుబ్బమ్మ అనే భార్యాభర్తలకు దక్కింది. పెంచలయ్య పొలం, ఊరు రెండూ ఆ నీళ్ళ కిందే ఉన్నాయి. సుబ్బమ్మ పుట్టిల్లు సంగం దగ్గర, పెన్నలో చేపలు పట్టే కుటుంబం. నాగలి పట్టిన చేతులకు తెడ్డు వేయడం నేర్పింది ఆమే. ఆ అనుమతి లేకపోతే వానాకాలమంతా వాళ్ళ పొయ్యి వెలగడం కష్టం. ఆ సంగతి నాకు తెలుసు, అయినా తర్వాత నేను చేసిన పని చేశాను.

చేపను పట్టడం ఒక విద్య. పట్టిన చేపను నీళ్ళలోంచి పైకి తీయడం వేరే విద్య. వల కట్టి ఉంచితే చేప దానంతటదే వచ్చి చిక్కుకుంటుంది. కానీ ఆరేడు కిలోల బొచ్చెను అంచు జానెడెత్తు కూడా లేని పుట్టిలోకి చేర్చడమంటే మాటలు కాదు. అమ్మకానికైతే జాలర్లు ఇనప కొక్కెం వాడేవాళ్ళు, దవడకు తగిలించి ఒక్క లాగు లాగేవాళ్ళు. తల్లిచేపకు అది పనికిరాదని మొదటిరోజే కొక్కెం నిషేధించాను. దాని బదులు నేనే ఎంపిక చేసి కొన్న చేతివల ఇచ్చాను. ఇనప చట్రం, నాలుగడుగుల వెదురు కర్ర, గట్టి నైలాను వల. చూడటానికి ఎంతో శాస్త్రీయంగా ఉండేది. సుబ్బమ్మ దాన్ని తడిమి చూసి, ముడులు గరుగ్గా ఉన్నాయని ఏదో గొణిగింది. నేను పట్టించుకోలేదు.

మొదటి విడత ఆరు చేపలు మూడో రోజుకు బూజు పట్టి చచ్చిపోయాయి. రెండో విడతా అంతే. పక్కలమీద పొలుసులు లేచిపోయి, ఎర్రగా గీరుకుపోయి ఉన్నాయి. వీళ్ళు చాటుగా కొక్కెమే వాడుతున్నారని తేల్చేశాను. ఎవరినీ అడగకుండా, నిషేధించిన పరికరం వాడినందుకు వచ్చే సోమవారం నుంచి అనుమతి రద్దు అని మెమో రాసి, నకలు నెల్లూరుకు పంపాను. మెమో భాష చాలా బాగా కుదిరిందని ఆ సాయంత్రం సంతోషపడ్డాను కూడా.

మర్నాడు ఆ దంపతులిద్దరూ సోమశిల నుంచి బస్సెక్కి ఆత్మకూరు ఆఫీసుకు వచ్చారు. పెంచలయ్య గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. సుబ్బమ్మ మెమో కాగితం నా బల్లమీద పెట్టింది.

“కొక్కెం మేం ముట్టుకోలేదు సార్. మీరు వద్దన్న రోజే ఇంటి చూరులో దోపేసినాను. అది ఆణ్ణే ఉండాది, వచ్చి చూసుకోండి.”

మరి ఆ గాయాలు ఎలా అయ్యాయని గద్దించాను.

“మీరొచ్చి పుట్టిలో కూచోండి సార్, తెలస్తాది. కాయితం ముందర కూచుంటే చేప కనపడతాదా?”

వెనక నుంచి పెంచలయ్య, “సార్‌తో అట్టా మాట్లాడతావేందే!” అని కంగారుపడ్డాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. రేపే వస్తాను, మీ బండారం అక్కడే బయటపెడతాను అన్నాను.

జీపు డ్రైవరు ఖాదర్‌ది ఉదయగిరి. ట్రైలరు మీద టార్పాలిన్ తొట్టి నిండా నీళ్ళు పెట్టుకుని ఒడ్డున ఆగాడు. పొద్దున్నే ఉతికిన తన మారు లుంగీని బానెట్ మీద ఆరేసుకున్నాడు. నేనూ, ఆ దంపతులూ పుట్టిలో కూర్చున్నాం. వల దగ్గరికి చేరేసరికి ఒక పెద్ద బొచ్చె చిక్కుకుని కొట్టుకుంటోంది. నేనే తీస్తానని చేతివల అందుకున్నాను.

పుట్టి గుండ్రంగా ఉంటుంది, దానికి ముందూ వెనకా లేవు, అడుగున నిలకడా లేదు. నాలుగడుగుల కర్ర చివర చేప బరువు పడగానే పుట్టి అంచు నీళ్ళలోకి దిగింది. పెంచలయ్య అవతలి అంచుమీదికి వాలి ఉండకపోతే ముగ్గురం మునిగేవాళ్ళం. భయపడి కర్రను గుంజాను. చేప వలలో గిలగిల్లాడుతూ అంచుకు రుద్దుకుంటూ లోపల పడింది. సుబ్బమ్మ నా చేతిలోంచి వల తీసుకుని ముడులను వేలితో తడిమి, ఆ చెయ్యి నా ముందు చాపింది. అరచేతి నిండా పొలుసులు.

“ఇవి ఎవురు తీసినారు సార్?”

నాకు నిజంగా సిగ్గేసింది. మరి దేంతో తీయాలని అడిగాను. ఆ ప్రశ్న నెల రోజుల ముందు అడగాల్సింది.

“మెత్తటి గుడ్డ కావాల. టవలైతే పక్కకు జారిపోతాది. రెండు నోళ్ళుండే గుడ్డ కావాల,” అని ఒడ్డువైపు చూసింది. “ఖాదర్‌బాయ్ లుంగీ ఇప్పించండి సార్.”

ఒడ్డుకొచ్చి అడిగితే ఖాదర్ ఉలిక్కిపడ్డాడు. “అరే, కొత్తది సార్! రెండుసార్లు కూడా కట్టలా. చేప తొడుక్కున్నాక నేనెట్టా కట్టేది?” అన్నాడు. అని తనే తెచ్చి ఇచ్చాడు.

సాయిబులు కట్టే లుంగీ రెండు అంచులూ కలిపి కుట్టి ఉంటుంది, పెద్ద గొట్టంలాగా. మళ్ళీ వల దగ్గరికి వెళ్ళేసరికి ఇంకో బొచ్చె చిక్కుకుని ఉంది. సుబ్బమ్మ లుంగీని తడిపి, ఒక కొసను మెలితిప్పి మొగుడి చేతికిచ్చింది. రెండో కొసను తను తెరిచి పట్టుకుంది. చేపను పుట్టి దగ్గరికి లాగలేదు, పుట్టినే చేప దగ్గరికి నడిపింది. వల పోగులను నీళ్ళలోనే ఒక్కొక్కటిగా విడదీసింది. లుంగీ నోరు చేప మూతి ముందు పెట్టి, తోక దగ్గర నీళ్ళను వేళ్ళతో కదిలించింది. బెదిరిన చేప ముందుకే దూకుతుంది కదా, అదే లుంగీలోకి దూరింది. లోపల చీకటి కావడంతో కదలకుండా ఉండిపోయింది. లుంగీ నోరు ముడిచి, పుట్టి అంచు కొంచెం వంచి, నీళ్ళతో సహా లోపలికి జార్చుకుంది. పుట్టి అదరలేదు. ఒడ్డున ట్రైలరు తొట్టిలో దించాక మెలితిప్పిన కొసను వదిలారు. చేప ముందుకే ఈదుతూ బయటికి వచ్చింది. దూరినప్పుడు గానీ, వచ్చినప్పుడు గానీ పొలుసుకు ఎదురు రాపిడే లేదు. మత్స్యశాస్త్రం చదివి సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆమె ముందు ఆ సర్టిఫికెట్టు సంగతి ఎత్తే ధైర్యం నాకు లేదు.

అలా తెచ్చిన ఎనిమిది చేపల్లో ఒక్కదానికీ బూజు పట్టలేదు. సూదులు వేశాం, గుడ్లు పెట్టాయి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఖాదర్ బావమరిది లుంగీ నోటికి పేముతో చట్రం, మూరెడు పొడుగు నున్నటి పిడి చేసి ఇచ్చాడు. పుట్టిలో కూర్చుని పనిచేసేవాళ్ళకు అంతకు మించిన పొడుగు చేటే. ఇంకో రెండు లుంగీలు కావాలని ఇండెంటు పెడితే, వేట పరికరాల జాబితాలో లుంగీ అనేది లేదని నెల్లూరు నుంచి తిరిగొచ్చింది. ‘గొట్టపు గుడ్డ’ అని రాస్తే వెంటనే మంజూరైంది.

మిగిలింది మెమో. దాన్ని అమలు చేయకుండా నేనే ఆపి ఉంచాను, ఫైలులో మాత్రం అలాగే ఉంది. అసిస్టెంట్ డైరెక్టరు గారు పిలిపించి ఉపాయం చెప్పారు. ఇన్‌స్పెక్టరు ఇచ్చిన శిక్షణతో జాలర్లు పద్ధతి మార్చుకున్నారు, కనుక అనుమతి కొనసాగించవచ్చు అని రాయమన్నారు. అలా రాస్తే నా మాట నిలుస్తుంది, నాకు మెప్పు కూడా వస్తుంది. రాయడానికి కూర్చున్నాను కూడా. కానీ వాళ్ళు కొక్కెం వాడారన్న మాట ఫైలులో నిజంగానే మిగిలిపోతుంది. మరుసటి ఏడు నా స్థానంలో వచ్చేవాడు ఆ ఫైలు చూసి అనుమతి ఇంకొకరికి ఇస్తాడు.

అందుకని ఉన్నది ఉన్నట్టు రాశాను. కొక్కెం వాడలేదు, చేపలు చచ్చింది నేను ఎంపిక చేసిన వల వల్ల, విచారించకుండా మెమో ఇచ్చాను, ఇప్పుడు వాడుతున్న పద్ధతి సుబ్బమ్మది. మెమో రద్దయింది. మరుసటి ఏడూ అనుమతి వాళ్ళకే వచ్చింది.

పరికరాన్ని దుకాణంలో నిలబడి కాదు, అది పనిచేసే చోట కూర్చుని ఎంచుకోవాలి. ఒక చేతిని తప్పుపట్టేముందు ఆ చేతిలో మనం ఏం పెట్టామో చూసుకోవాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. ఆ సంవత్సరం నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో ‘తొందరపాటు మనిషి’ అని రాశారు. దానిమీద అప్పీలు చేసుకోవడానికి ముప్ఫై రోజులు గడువిచ్చారు. నేను చేసుకోలేదు.