అక్క పేరు పీకేసిన రోజు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు గుంటూరు బ్రాడీపేటలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. అప్పట్లో కంప్యూటర్లు ఎక్కడివి? సీసం అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, వరుసలుగా పేర్చి, పేజీ నిండాక చుట్టూ గట్టిగా దారం కట్టేవారు. అచ్చయిన పేజీ ఎంతో అందంగా ఉండేది గానీ, పేర్చినదాంట్లో ఒక్క మాట మార్చాలంటే ప్రాణం మీదికొచ్చేది.

ఆ ఏడు మా పెదనాన్న కూతురు, నాకన్నా రెండేళ్లు పెద్దదైన అక్క, రాసిన వ్యాసాన్ని బడి పత్రికకు తీసుకున్నారు. నేనూ రాసిచ్చాను, నాది తీసుకోలేదు. పైగా ఆ పత్రిక అచ్చు మా తాతయ్య దగ్గరే. అక్క పేరు అచ్చులో చూడాలని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. అది అసూయ అని ఇప్పుడు ఒప్పుకుంటాను గానీ, అప్పుడు మాత్రం నాకు అన్యాయం జరిగిందనే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం తాతయ్య భోజనానికి వెళ్లినప్పుడు ఆ పేజీ బల్ల మీద ఉంది. చివరనున్న అక్క పేరు ఒక్కటీ పీకేస్తే చాలనుకున్నాను. దారం వదులు చేసి లాగాను. ఒకదాన్నొకటి ఒత్తి పట్టుకుని నిలబడ్డ అక్షరాలు కదా, సగం పేజీ నేలపాలైంది.

తాతయ్య కొట్టలేదు. అక్కను కూడా పిలిచి ఇద్దరినీ బల్ల ముందు కూర్చోబెట్టారు. "ఎటూ పడిపోయిందిగా, మార్చుకునేవేమన్నా ఉంటే ఇప్పుడే మార్చుకోవే" అని అక్కతో అన్నారు. నావైపు తిరిగి, "లాగింది నువ్వేగా, నువ్వే పేర్చు" అన్నారు. అక్క కళ్లు తుడుచుకుని రెండు వాక్యాలు దిద్దింది. వ్యాసం ఇంకా బాగుపడేసరికి నా కడుపుమంట రెట్టింపైంది.

ఆ వ్యాసం మేమిద్దరం మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరిన రోజు గురించి. అంతవరకూ నేను దాన్ని చదవనేలేదు. చివరి వాక్యం ఇది: "ఇదే సంగతి మా చెల్లి చెబితే ఇంకా బాగుండేది." ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం నా చేత్తోనే పేర్చాను. దాని కింద అక్క పేరు కూడా. తల ఎత్తితే ఒట్టు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అక్క రెండు పుస్తకాలు వేసింది, రెండూ చూడముచ్చటగా ఉంటాయి. చూసినప్పుడల్లా నాకు మళ్లీ అదే మంట. నేనూ ఒక పుస్తకం రాస్తానంటే మా మనవరాలు కంప్యూటర్లో మూడు సాఫ్ట్‌వేర్లు పెట్టిచ్చింది. మూడింటికీ ఒకటే పరీక్ష పెట్టాను, నిండిన పేజీలోంచి రెండు మాటలు పీకడం. మొదటిదాంట్లో రాయడం సులువే గానీ, మాటలు తీయగానే నేను పెట్టిన ఫొటో పక్క పేజీలోకి పోయింది, వరుసల మధ్య సందులు పడ్డాయి. రెండోదాంట్లో పేజీ అచ్చం ప్రెస్సులో వేసినట్టే వచ్చింది గానీ, దానికోసం మధ్యమధ్య రాయాల్సిన గుర్తుల, ఆదేశాల మధ్య నా వాక్యం నాకే దొరకలేదు. మూడోదానికి ఇది శీర్షిక, ఇది పేరా అని చెబితే చాలు, మామూలుగా రాసుకుంటూ పోవచ్చు. మాటలు తీస్తే వరుసలు వాటంతటవే పొందిగ్గా సర్దుకున్నాయి. దాన్నే ఎంచుకున్నాను.

మొన్న అంకితం పేజీలో "మా అక్కకు" అని కొట్టాను. కాసేపటికి తీసేశాను. పేజీ చెదరలేదు, ఎవరికీ తెలియదు కూడా. అయినా పీకిన చేత్తోనే తిరిగి పేర్చాలన్న తాతయ్య మాట నా వేళ్లు ఇంకా మరిచిపోలేదు. మళ్లీ కొట్టాను. ఈసారి ఉంచేశాను.