బ్రేకు మీద పసుపు

అక్టోబర్ రెండు, గురువారం, పొద్దున తొమ్మిదీ ఇరవై. పసుపు గిన్నె నా చేతిలో ఉంది. తేదీలో పొరపాటు లేదు. ఈసారి దసరా, గాంధీ జయంతి ఒక్కనాడే పడి మాంసం దుకాణాలు మూశారు. మటన్ ముందురోజే తెచ్చిపెట్టుకున్నాం.

ఆరాంఘర్ దగ్గర మా తమ్ముడికి కార్లు బాగుచేసే షెడ్డు ముప్పై ఒక్క ఏళ్లు ఉండేది. అతను కారు కింద, నేను బల్ల దగ్గర. కారు ఎన్నింటికి వచ్చింది, ఏం చెడిందన్నారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నింటికి బయటపడింది, అన్నీ నేనే రాసేదాన్ని. బాగైన కారును కాస్త దూరం నడిపి చూడటం కూడా నా పనే. కార్ల పిచ్చి ఇద్దరికీ సమానం. అతనిది చేతుల్లో, నాది చెవుల్లో. చలికాలం పొద్దున చోక్ లాగి స్టార్టు చేస్తుంటే, ఇంజన్ దగ్గు విని ఏ సిలిండర్ పనిచేయడం లేదో చెప్పేదాన్ని.

తర్వాత వచ్చిన కార్లకు జబ్బు చేస్తే కంప్యూటర్ చెప్పాలి. ఆ కంప్యూటర్ కంపెనీ వాళ్ల దగ్గరే ఉంటుంది. రోజుకు పదకొండు కార్లు చూసిన షెడ్డుకు వారానికి మూడు రావడం మొదలైంది. మూసేశాం. ఇప్పుడు శంషాబాద్‌లో మా ఇంటి ముందు నుంచి విమానాశ్రయానికి పోయే బ్యాటరీ కార్లకు చప్పుడే లేదు. ఈ చలికి కిటికీ దగ్గర కూర్చుని వాటిని లెక్కపెడుతుంటాను. ఒక్కదాని ఆరోగ్యం కూడా నాకు తెలియదు.

షెడ్డు మూసిన మరుసటి ఏడు తమ్ముడికి పక్షవాతం వచ్చింది. మాట, చేతులు నిలబడ్డాయి. కుడి కాలు పోయినంత పనయింది. కాలికి రోజూ పని చెప్పాలని దవాఖానలో అన్నారు. అందుకని అతని కూతురు, నా మేనకోడలు, కార్ల పందెం ఆడే సెట్టు ఒకటి కొనుక్కొచ్చింది. ఒక స్టీరింగు, కింద మూడు పెడళ్లు, ఎదురుగా టీవీ. ఆదివారం పదింటికి ఇరవై మంది ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, ఆన్‌లైన్‌లో ఒకే ట్రాక్ మీద పరుగులు తీసేవారు. మావాడికి అరవై ఆరేళ్లు. అందరి మాటలూ టీవీలో వినపడేవి.

"పెద్దాయనా, మీ ఊర్ల కార్లకు బ్రేకులుంటయా?" అని ఎవరో అంటే, "మాకుంటయి బిడ్డా. మా ఎన్కనుంచి గుద్దేటోళ్లకే ఉండయి" అనేవాడు.

వాకిట్లో రేకుల కింద అతని తెల్ల పెట్రోల్ కారు ఉండేది. యాక్సిడెంటయి ఎవరూ వద్దన్న కారును అణువణువూ విప్పి మళ్లీ నిలబెట్టుకున్నాడు. దాన్ని తానే నడుపుకుంటూ తుక్కుగూడ మీదుగా మంఖాల్ పోయి, ఒక ఛాయ్ తాగి రావాలి. జబ్బు చేసిన తర్వాత అతను మమ్మల్ని అడిగింది ఇదొక్కటే. కూతురు షరతు పెట్టింది.

"బాపూ, రోడ్డు దిగకుంట వరుసగ ఇరవై చుట్లు తిరుగు. అత్త బుక్కుల ఇరవై అని రాసిననాడు తాళంచెవి ఇస్త."

ఆ ట్రాక్‌లో పొడవాటి దారి చివర ఒక గట్టి మలుపుంది. అక్కడ బ్రేకు పడాల్సిన చోట పడకపోతే కారు గడ్డిలోకి పోతుంది. జూన్‌లో నా పుస్తకంలో అతని లెక్క నాలుగు చుట్లు. ఆగస్టులో పదకొండు. సెప్టెంబర్ ఇరవై ఎనిమిది, ఆదివారం, పద్దెనిమిది. ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఆ గురువారమే దసరా. షెడ్డులో ఏటా పానాలకు, జాకీలకు పసుపు పూసి కుంకుమ పెట్టేది నేనే. ఇప్పుడు అతని పనిముట్టు ఇదే కదా. స్టీరింగుకు బంతిపూలు చుట్టాను. పసుపు నీళ్లలో కలిపి మూడు పెడళ్లకూ రాశాను. కాలు నమ్మకంగా పడాల్సింది బ్రేకు మీద కాబట్టి దానికి ఇంకాస్త ఎక్కువ రాశాను. కిందికి కారింది. పూజ పసుపు తుడవడం మా ఇంట్లో లేదు.

అక్టోబర్ ఐదున ఐదు చుట్లు. పండుగ మటన్ ఇంకా కాళ్లల్లనే ఉన్నదని నవ్వాడు. పన్నెండున నాలుగు. పందొమ్మిదిన ఆరు. బ్రేకు ఒకసారి పడుతోంది, ఒకసారి పడటం లేదని చెప్పాడు. బ్రేకు ఎంత తొక్కాడో టీవీ మూలన చూపించే గీత కూడా వణుకుతోంది. సెట్టు కొత్తది, కాలు పాతది. నా అనుమానం కాలి మీదికే పోయింది. పుస్తకం తెరిచి చూపించాను.

"పద్దెనిమిది నుంచి ఆరుకొచ్చినవ్ తమ్మీ. నీ కాలు నీ మాట ఇంటలేదు."

అబద్ధమాడి ఊరడించడం నాకు చేతకాదు. చేతకాదని లోలోపల గర్వంగా కూడా ఉండేది. ఆ తర్వాత పందెంలో ఎవరేమన్నా అతను జవాబివ్వలేదు. నవంబర్ పదహారున మూడు చుట్లు.

ఇరవై మూడున స్టీరింగు ముందు కూర్చోలేదు. కారు పంపించేయమన్నాడు. ఇంకొన్నాళ్లు చూద్దామని కూతురు బతిమాలింది.

"కండ్ల ముందట ఉంటే పాణం కొట్టుకుంటది బిడ్డా. అత్త బుక్కు సూడు. ఈ కాలు ఇగ రాదు."

డిసెంబర్ ఎనిమిది, సోమవారం, పదకొండూ పదికి తుక్కు కొనేవాళ్ల లారీ వచ్చింది. తమ్ముడు గదిలోంచి బయటికి రాలేదు. నేనే కారు స్టార్టు చేశాను. చలికి మొదటిసారి పలకలేదు, రెండోసారి పలికింది. నాలుగు సిలిండర్లూ శుభ్రంగా ఉన్నాయి. మీటరు చూసి రాసుకున్నాను.

సెట్టును దవాఖానకు ఇద్దామని మేనకోడలు అంది. మురికి వస్తువు ఇవ్వడం నాకిష్టం లేదు. జనవరి తొమ్మిది, శుక్రవారం, పెడళ్ల డబ్బా విప్పాను. ఆరు స్క్రూలు. లోపల, బ్రేకు ఎంత తొక్కామో కొలిచే చిన్న బిళ్ల మీద పసుపు ఎండి పెచ్చు కట్టి ఉంది. గోటితో గీకితే ఊడింది. తుడిచి, బిగించి, నేనే కూర్చుని తొక్కాను. అక్టోబర్ నుంచి టీవీ మీద వణుకుతూ ఉన్న బ్రేకు గీత వణకకుండా పైకి పోయి, వణకకుండా కిందికి దిగింది.

బ్రేకు పట్టడం లేదని మా షెడ్డుకు ఎంతమంది రాలేదు? మీ కాలే బాగాలేదని ఒక్కరికైనా చెప్పామా? ముందు చక్రం విప్పేవాళ్లం. బయటివాళ్ల కాళ్లను అంత నమ్మినదాన్ని, తమ్ముడి కాలిని నమ్మలేదు.

పసుపు పెచ్చు అతని అరచేతిలో పెట్టి జరిగింది చెప్పాను. వేలితో దాన్ని తిరగేసి చూశాడు.

"నువ్ రాసింది తప్పు కాదక్కా. లెక్క సరిగ్గనే ఉండె. నేనన్నా విప్పి సూడాల్సింది."

మళ్లీ ఒక్కసారి కూర్చోమన్నాను. కాలు కిందికి దించి చూపించాడు. ఇన్నాళ్లు పని లేక పాదం బిగుసుకుపోయింది. మడమ నేలకు ఆనడం లేదు.

పోయినవి ఇవి. తెల్ల పెట్రోల్ కారు ఒకటి, 1,86,412 కిలోమీటర్ల దగ్గర. ఆదివారాలు ఏడు. మంఖాల్ దాకా ఒక ప్రయాణం, అక్కడ తాగాల్సిన ఒక ఛాయ్. ఇరవైకి తక్కువైన చుట్లు రెండు. కుడి కాలు ఒకటి. దసరా నాటికి అది బాగానే ఉంది.