పడవలో ఫ్రీజర్, మూత మీద ముత్తక్క

బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాక, లోకానికి నా అవసరం ఇంకా ఉందని నాకు గట్టి నమ్మకం కలిగింది. లోకం ఆ మాట ఎప్పుడూ అనలేదు.

పినపాక దగ్గర గోదావరిలో చేపలు పట్టేవాళ్ల సంఘానికి ఎవరో పడవలో పెట్టుకునే చిన్న ఫ్రీజర్ ఇచ్చారు. బ్యాటరీతో నడుస్తుంది, పట్టిన చేపను నీళ్ల మీదే గడ్డకట్టిస్తుంది. మే నెల ఎండకు చేప ఒడ్డు చేరేలోపే మెత్తబడుతోంది. ఆ లోటు పూడ్చడానికి వేలెడు చేపపిల్లల్ని కూడా వదలకుండా పడుతున్నారు. ఫ్రీజర్ వాడకం నేర్పే పని నేనే అడిగి తీసుకున్నాను. చేపను తినడం తప్ప దాని గురించి నాకు తెలిసింది లేదు.

సంఘంలో అందరికన్నా అనుభవమున్న మనిషి ముత్తక్క. భర్త పోయిన పదిహేనేళ్లుగా తానే వల వేస్తోంది. నా గంటసేపు ఉపన్యాసం విని ఒక్కటే అడిగింది.

"సారూ, దీంట్ల చేపను ఎట్ల పెట్టాలె?"

"ఏమున్నదక్కా? పెట్టుడు, మూసుడు!"

మర్నాడు ఆమె పడవ ఎక్కాను. గంపెడు జెల్ల చేపలు పడగానే అన్నింటినీ ఒక్కసారే పెట్టెలో కుమ్మరించాను. ఎదురొచ్చిన ప్రతి పడవకూ మూత తెరిచి చూపించాను. ఒడ్డున పదిమంది ముందు మూత తీస్తే మొదట ఈగలొచ్చాయి. నడుమనున్న చేపలు అప్పటికే కంపు కొడుతున్నాయి.

"మిషన్ ఖరాబున్నది" అన్నాను. మనుషుల తప్పును మిషన్ మీద వేయడం సర్వీసులో బాగా నేర్చుకున్న విద్య.

జనం నవ్వుకుంటూ పోయారు. ముత్తక్క తాను పొద్దంతా పడిన కష్టాన్ని గుంట తీసి పూడ్చింది. తిట్టినా అంత తగిలేది కాదు. సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాను.

"అక్కా, మిషన్‌ది కాదు, తప్పు నాదే."

"అవ్, నాకెరుకే. రేపు జల్దీ రా. నువ్వు కరెంటు చూస్కో, చేప నేను చూస్కుంట."

ఈసారి ఆమె చేప పడగానే కోసి, పేగులు తీసి, కడిగి, పెట్టె అడుగున ఒక్క వరసే పరిచింది. అవి గట్టిపడ్డాకే రెండో వరస అంది. ఇంతలో నా చేయి మూత మీదికి పోయింది.

"ఏంది సారూ, జర సబర్ లేదా?" అంటూ ఆమె వచ్చి మూత మీదే కూర్చుంది. పొద్దెక్కేదాకా దిగలేదు.

ఒడ్డున ఆమె ఒక చేపను తీసి పెట్టెకేసి కొడితే రాయిలా టంగుమంది. నాలుగు రోజులు పెట్టెలోనే ఉంచి ఖానాపురం హవేలికి తీసుకెళ్తే, మా చెల్లె పుష్పలత ఆ చేపనే వండి, "పొద్దున పట్టిందా అన్నా?" అంది.

ఆ మాట చేరవేసిన రోజే ముత్తక్క వలలోని చిన్న చేపపిల్లల్ని తిరిగి నీళ్లలోకి జారవిడిచింది. "పట్టింది పాడుగానప్పుడు గివెందుకు? పెరగనియ్" అంది.

వానలు మొదలయ్యేలోపు ఇంకో ఐదు పడవలవాళ్లు ఫ్రీజర్లు కావాలన్నారు. నేర్పడానికి ముత్తక్కను పంపమన్నారు. నన్నూ రమ్మన్నారు, వైర్లు బిగించడానికి. పోతున్నాను.