యంత్రానికి అంటించిన యంత్రం

మూఢనమ్మకాల మీద ఏళ్ల తరబడి యుద్ధం చేసినవాడొకడు, తన చేతులతోనే మెదక్ పట్టణానికి సరికొత్త మూఢనమ్మకాన్ని ఎలా దానం చేశాడో చెబుతాను. ఆ మహానుభావుణ్ని నేనే. ఈ ఘోరం వెనక ఏ బాబా లేడు, ఏ బైరాగీ లేడు. ఒక పాత కంప్యూటరు, ఒక సీడీ, తర్కం మీద నాకున్న అపారమైన నమ్మకం, ఇవి చాలాయి. నా నోట నమ్మకం అన్న మాట వచ్చిందని అప్పుడే నవ్వకండి. ముందు ముందు ఆ నవ్వుతో పని ఉంది.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం జనం రోడ్ల మీదే వంటావార్పు చేస్తున్న రోజులు. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని. నా అసలు పేరు ప్రిన్సిపాలుకూ పోస్ట్‌మ్యాన్‌కూ మాత్రమే తెలుసు. మిగతా పట్టణానికి నేను నాస్తికం సారుని.

మా ఇంటికి కుల్చారం వైపు నుంచి పాలు తెచ్చే లచ్చమ్మకు క్షయ సోకింది. సర్కారు దవాఖాన డాక్టరు గారు ఆరు నెలలు మాత్రలు మింగమన్నారు, ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటికొస్తుందన్నారు. రెండు నెలలు మింగింది. దగ్గు కాస్త తగ్గగానే మాత్రలు మానేసి, బస్టాండు దగ్గర ఒక స్వామి ఇచ్చిన రాగి తాయెత్తు మెడలో వేసుకుంది. దగ్గు తిరిగొచ్చింది, తాయెత్తు మాత్రం మెడ దిగలేదు. మా గుమ్మంలో నిలబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపికగా విని, క్యాను భుజానికెత్తుకుంది.

"నోటి మాట గాలికి పోతది సారు. కాయితం మీద అచ్చేసియ్యి, మా ఆయనతోని సదివిపిస్త. అప్పుడు సూద్దాం."

అంతకంటే ఏం కావాలి? 'తాయెత్తులో ఏముంది?' అని పదహారు పేజీల పుస్తకం తయారుచేయడానికి కూర్చున్నాను. ఆదివారం బస్టాండు ముందు సభ. మొదటి ప్రతి లచ్చమ్మ చేతిలో పెట్టాలి, మరునాటి నుంచి ఆమె మళ్లీ మాత్రలు మింగాలి. ఇదీ ప్రణాళిక.

టైపు చేసింది చర్చి గేటుకు ఎదురుగా ఉన్న యాదగిరి జిరాక్స్ దుకాణంలో. హైదరాబాదులో మూతపడ్డ ప్రెస్సు నుంచి అతను ఒక పాత కంప్యూటరు తెచ్చుకున్నాడు. అందులో తెలుగు ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో యాదగిరికి తెలియదు, నాకూ తెలియదు. కొబ్బరికాయలో నీళ్లున్నట్టు ఉంది. నేను రెండు వేళ్లతో, కోడి గింజలు ఏరినట్టు టైపు చేస్తుంటే ఆ యంత్రం ఉన్నట్టుండి నీలంగా మారి కొయ్యబారిపోయేది. యాదగిరి దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉంచాడు. నేను వాటిని తీయించాను. అంతవరకూ రోజుకు నాలుగుసార్లు ఆగేది, ఆ రోజు ఆరుసార్లు ఆగింది. అది కేవలం కాకతాళీయమని వివరిస్తుండగా ఏడోసారి ఆగింది.

మిషన్ స్కూల్లో కంప్యూటర్లు నేర్పే దేవదాసు మాస్టారును పిలిపించాం. ఆయన అటు నొక్కి ఇటు నొక్కి, రెండు దారులున్నాయన్నాడు.

"పాతదాని మీదనే కొత్త వెర్షన్ ఎక్కియ్యొచ్చు. అప్‌గ్రేడ్ అంటరు. మీ సామాన్లు ఏడియి ఆడనే ఉంటయి."

"మరి రోగం?"

"గది గూడ ఆడనే ఉండొచ్చు."

"రెండో దారి?"

"మొత్తం తుడిచి కొత్తగ ఎక్కిచ్చుడు. రీఇన్‌స్టాల్. రోగం పోతది."

"రోగంతోపాటు ఇంకేం పోతుంది?"

"అండ్ల ఏమున్నయో ఎర్కుంటే గద సారు, ఏం పోతయో చెప్పేది."

బస్టాండు స్వామి కూడా ఇంతకన్నా స్పష్టంగా జోస్యం చెబుతాడు. మాస్టారు కొత్త సిస్టం సీడీ ఇచ్చి, చర్చి సభల కోసం టేక్మాల్ వెళుతున్నాననీ, సోమవారం తాను వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దనీ చెప్పి పోయాడు. నాకు కావలసింది ఆదివారానికి.

తెల్లకాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు అప్‌గ్రేడ్‌కు వాదనలు, మరోవైపు రీఇన్‌స్టాల్‌కు వాదనలు రాశాను. రెండు వైపులా ఏడేసి తేలాయి. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లేటప్పుడు అప్‌గ్రేడ్ పక్షంలో ఉండేవాణ్ని, కాలేజీ నుంచి వచ్చేటప్పుడు రీఇన్‌స్టాల్ పక్షంలో. మధ్యదారిలో ఎవరైనా పలకరిస్తే ఏ పక్షంలో ఉన్నానో మరిచిపోయి మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. చివరికి తీర్పు చెప్పింది యాదగిరి.

"మొన్న మీటింగుల మీరే అన్నరు గద సారు. కుళ్లిన వ్యవస్థకు పైన సున్నమేస్తే పనికిరాదు, పునాదులకెళ్లి తవ్వాలె అని. సిస్టం అంటే వ్యవస్థనే గద?"

సొంత వాక్యం చేతిలో ఓడిపోవడం కన్నా దారుణం వక్తకు ఇంకొకటి లేదు. కాదంటే సిద్ధాంతం పోతుంది, ఔనంటే డిస్కు పోతుంది. డిస్కు యాదగిరిది, సిద్ధాంతం నాది. కనుక రీఇన్‌స్టాల్ అని నిర్ణయించాను.

అయినా నేను గుడ్డిగా దూకే రకం కాదు. పుస్తకాన్ని ఒక సీడీలోకి ఎక్కించాను. ఎక్కిందని ఊరుకోలేదు. సీడీ బయటికి తీసి, మళ్లీ లోపల పెట్టి, తెరిచి చూశాను. పదహారు పేజీలూ చక్కని తెలుగులో మెరిసిపోతున్నాయి. "చూశావా, దీన్నే రుజువు అంటారు" అన్నాను యాదగిరితో. ఆ పరీక్ష అదే కంప్యూటరులో చేశానని, అది పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకోవడం లాంటిదని, ఇంత చదువు చదివినవాడికి తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం సరిగ్గా తుడవబోతుండగా టేక్మాల్ నుంచి మాస్టారు ఫోను. మనసుండబట్టక చేసినట్టున్నాడు. గరగరలో మాట సగమే వినబడుతోంది.

"సారు, తుడుస్తున్నరా ఏంది? ముందుగాల పాంటు తీసి పెట్టుకున్నరా?"

నేను ఉలిక్కిపడ్డాను. "నేను పంచె కట్టుకుంటాను మాస్టారూ" అన్నాను గంభీరంగా.

"గట్ల గాదు సారు. గది తీసి భద్రంగ పెట్టుకోకుంటే రేపు నలుగుర్ల ఇజ్జత్ పోతది."

తీస్తే పోయే ఇజ్జత్తు తీయకపోతే పోవడమేమిటో ఏ తర్కానికీ అందలేదు. పైగా చర్చి సభలకు వెళ్లిన పెద్దమనిషి ఒక హేతువాదితో ఇటువంటి పరాచికాలాడటం నాకు నచ్చలేదు. నా పంచె సంగతి మీకెందుకని ఫోను పెట్టేశాను.

కొండను తవ్వి ఎలుకను పట్టడం లోకరీతి. మేము ఎలుకను చేత పట్టుకుని కొండను తవ్వేశాం. రెండు గంటల తర్వాత కంప్యూటరు తలంటు పోసుకున్న పెళ్లికొడుకులా లేచింది. ఆగలేదు, నీలంగా మారలేదు. విజయగర్వంతో సీడీ పెట్టి పుస్తకం తెరిచాను.

ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిన టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, కొమ్ములు మొలిచినవి, కడుపులో గీత పడినవి, కాలికింద తోక వేలాడేవి, ఎవడో జాతరలో తప్పిపోయిన అక్షరాలన్నిటినీ తెచ్చి వరుసలో నిలబెట్టినట్టున్నాయి. యాదగిరి చాలాసేపు చూసి, ఇది సంస్కృతమా అని అడిగాడు. తెర మీద తప్పున్నా కాగితం మీద సరిగ్గా రావచ్చని ఊహించి పదహారు పేజీలూ ప్రింటు తీయించాను. మరింత స్పష్టంగా వచ్చాయి, అవే కొమ్ములూ తోకలూ.

మాస్టారుకు ఫోను చేయక తప్పలేదు.

"గందుకే గద సారు అడిగింది. తెలుగు అక్షరాలకు ఫాంటు అని వేరే ఫైలుంటది. ఫాంటు తీసి పెట్టుకున్నరా అంటే, పంచె అంటిరి."

ఆ ఫాంటు దొరికేది హైదరాబాదులో. శనివారం బంద్, బస్సుల్లేవు. ఆదివారం అక్కడ దుకాణాలుండవు. అలా సభలో నేను పుస్తకం లేకుండా, పెళ్లికూతురు లేని పెళ్లిలో పురోహితుడిలా నిలబడి ఏదో మాట్లాడాను. సభ ముగిసి దుకాణానికి వెళ్లేసరికి, నా మొదటి పేజీ కంప్యూటరు నెత్తిన అంటించి ఉంది.

"మొన్నటికెళ్లి మిషన్ ఒక్కపారి గూడ ఆగలే సారు. గా కాయితం వచ్చినకాంచే" అన్నాడు యాదగిరి.

అది రీఇన్‌స్టాల్ మహిమ అని చెప్పబోయి, మహిమ అన్న మాట దొర్లినందుకు నాలుక కరుచుకునేలోపు లచ్చమ్మ లోపలికొచ్చింది. కాగితాన్ని పరీక్షగా చూసి, ఈ యంత్రం ఎవరు రాశారని అడిగింది. నాస్తికం సారే అన్నాడు యాదగిరి గర్వంగా.

"దేవున్నే నమ్మని సారు రాసిండంటే ఉత్తగనే రాస్తడా" అంది ఆమె.

మంగళవారానికల్లా నా మొదటి పేజీ ఇంటర్నెట్ సెంటర్లో, ఫొటో స్టూడియోలో, చివరికి పిండిగిర్నీ మోటారు మీద కూడా పసుపు బొట్లతో వెలసింది. బస్టాండు స్వామి స్వయంగా దుకాణానికి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. అందులో ఏం రాశారని అడిగాడు. తాయెత్తులో ఏ శక్తీ లేదని రాశానన్నాను.

"గా సంగతి నాకెర్కనే" అన్నాడాయన గొంతు తగ్గించి. "మంది గింత నమ్మేటట్లు ఎట్ల రాసిండ్రో గది చెప్పుండ్రి."

ఆ సాయంత్రమే ఫాంటు వచ్చింది. పుస్తకం అచ్చ తెలుగులో తయారైంది. పరుగున వెళ్లి లచ్చమ్మ ఇంట్లో కూర్చున్నాను. ఆమె భర్త రెండు పేజీలు పైకి చదివాడు. ఆమె మధ్యలోనే ఆపింది.

"గిది సదివితే తెలుస్తది సారు."

"తెలియాలనే కదా రాసింది."

"తెలిసేటిది మన అసుంటోళ్లు రాసింది. గిదేం పనిజేస్తది? నాకు గా తెల్వంది ఇయ్యి."

అంతలో ఆమెకు దగ్గు తెర వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుని, చాలాసేపు దగ్గింది. భర్త నా పుస్తకం మూసి ఆమె వీపు నిమురుతున్నాడు. పాఠకులారా, ఆ క్షణంలో నేను చేసిన పనికి ఏ హేతువాద సంఘమూ నన్ను క్షమించదు. జేబులో మడిచి ఉన్న కొమ్ముల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఇది ఒట్టిగా పని చేయదమ్మా. దవాఖాన మాత్రలు మింగిన తర్వాతే దీన్ని చూడాలి. ఒక్క రోజు తప్పినా మళ్లీ మొదటికొస్తుంది" అన్నాను. చివరి వాక్యం డాక్టరు గారిదే. మిగతాదంతా నా పతనం.

లచ్చమ్మ గడువు ముగిసేదాకా ఒక్క పూట తప్పకుండా మాత్రలు మింగింది. రోగం పూర్తిగా పోయింది. దవాఖానలో వరుసలో ఉన్నవాళ్లందరి ముందు, ఇది నాస్తికం సారు యంత్రం ప్రతాపమని చాటింది. ఆ మరుసటి రోజే డాక్టరు గారి నుంచి ఫోను. నన్ను నిలదీస్తాడనుకుని క్షమాపణ మొదలుపెట్టాను. ఆయన వినిపించుకోలేదు.

"సారు, మధ్యల మందులు బంద్ చేసేటోళ్లు ఇంకో పది మంది ఉన్నరు. జర పది కాయితాలు పంపిస్తరా?"

అందువల్ల సకల పాఠకుల సమక్షంలో, దేవుడి మీద ఒట్టు వేసుకునే సౌకర్యం నాకు లేదు గనుక కేవలం హేతువు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను: నేను రాసింది నాకే చదవడానికి రాని స్థితిలో ఉంటే, ఇక జన్మలో దాన్ని అచ్చు తీయను. డాక్టరు గారికి పంపిన పది కాగితాలూ ఈ ప్రమాణానికి ముందే అచ్చయినవని మనవి.