చిన్నమ్మతో మూడు దేశాలు

జీతం తక్కువ, రోషం ఎక్కువ ఉండే వయసు ఒకటి వస్తుంది అందరికీ. నాకది తాండూరులో ఒక పాలిషింగ్ యూనిట్లో, అంటే నాపరాళ్ళను కోసి నునుపు చేసి లారీలకెక్కించే చోట, ఆఫీసు పని చేస్తున్నప్పుడు వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయి. పొద్దంతా కోత మిషన్ల మోత, టేబుల్ మీద, రిజిస్టర్ల మీద, సాయంత్రానికి నా కనుబొమ్మల మీద కూడా రాతిపొడి. నా పని బిల్లులు, ఉత్తరాలు టైపు చేయడం. (ఇంగ్లీషులో "తమకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి రెండు పేజీలు నడిపి, చివరికి ఏమీ తెలియజేయకుండా ముగించడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా సేటు అనేవాడు. అది పొగడ్తో కాదో ఇప్పటికీ తేలలేదు.) ఆ ఆఫీసులోనే నాకంటే పదేళ్ళు పెద్దయిన ఒక అక్క ఉండేది. మొగుడితో కలిసి నాలుగు రోజులు సింగపూర్ పోయివచ్చింది. ఆ నాలుగు రోజుల్ని ఎనిమిది నెలలుగా మాకు టిఫిన్ డబ్బాలు తెరిచినప్పుడల్లా వడ్డిస్తూనే ఉంది. అందుకే ఆమెకు సింగపూరక్క అని పేరు పడింది. ఒకరోజు నా డబ్బాలోని చిక్కుడుకాయ కూర చూసి, "సింగపూర్ల అయితే గిట్ల ఉండదు" అన్నది. నాకెక్కడో కాలింది. "నేను ఈ ఎండకాలం మూడు దేశాలు పోతున్న అక్కా. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్. ఒక్క ట్రిప్పుల్నే" అన్నాను.

నేపాల్, భూటాన్‌లకు మనవాళ్ళు ఓటరు కార్డుతో పోవచ్చని అప్పుడే ఏదో పేపర్లో చదివి ఉన్నాను. బంగ్లాదేశ్ మాత్రం నోరు మంచి ఊపులో ఉండటం వల్ల వచ్చి చేరింది. సాయంత్రానికి లారీలకు రాళ్ళెత్తేవాళ్ళు కూడా "ఎప్పుడు మేడం ప్రయాణం" అని అడగడం మొదలుపెట్టారు. ఇక వెనక్కి తిరిగే దారి లేదు.

ఇంట్లో అమ్మ విని, "ఒక్కదానివి పోతవా? కాళ్ళిరగ్గొడ్త" అన్నది. నేను రెండు రోజులు అన్నం మానేశాను. (మధ్యాహ్నం ఆఫీసులో తినేదాన్ని, అది వేరే సంగతి.) మూడో రోజు అమ్మ మెత్తబడి, "చిన్నమ్మ వస్తనంటే పో" అన్నది. అమ్మ ధైర్యమేమంటే, చిన్నమ్మ ఎటూ రాదని. అమ్మ చెల్లెలు మా చిన్నమ్మ. పెద్దేముల్ దగ్గరి పల్లెలో చిన్నాయినతో కలిసి గొర్లు కాసుకుంటూ, రెండెకరాల్లో కంది వేసుకుంటూ ఉండేది. నలభై అయిదేళ్ళ జీవితంలో హైదరాబాద్ దాటి పోలేదు. ఆదివారం షేర్ ఆటో ఎక్కి ఆమె దగ్గరికి పోయి విషయమంతా చెప్పాను. ఆమె గొర్రెపిల్ల కాలికి గుచ్చుకున్న ముల్లు తీస్తూ అంతా విని, ఒక్కటే ప్రశ్న అడిగింది.

"ఆడ గొర్లుంటయా?"

"ఉంటయి."

"అయితే వస్త."

చిన్నాయిన బీడీ నోట్లోంచి తీసి, "పదిహేను దినాలు కనబడకపోతే గొర్లు నిన్ను అడుగుతయి. ఏం చెప్పాలె?" అన్నాడు. "దేశాలు పోయిందని చెప్పు" అన్నది చిన్నమ్మ.

సికింద్రాబాద్‌లో నేపాల్ సరిహద్దు ఊరు రక్సౌల్ పోయే రైలెక్కాక గానీ నేను చిన్నమ్మకు అసలు సంగతి చెప్పలేదు. బంగ్లాదేశ్‌కు పాస్‌పోర్టు, వీసా కావాలని నాకప్పటికే తెలిసిపోయింది. మా ఇద్దరి దగ్గరా ఆ రెండూ లేవు. "అయితే రెండే దేశాలు" అన్నది చిన్నమ్మ. "రెండే. కానీ ఆఫీసుల మూడని చెప్పిన" అన్నాను. చిన్నమ్మ గట్టిగా కాల్చిన జొన్నరొట్టె విరిచి పల్లి కారం అద్దుకుని నోట్లో పెట్టుకుంది. "నువ్వేం చెప్పుకుంటవో చెప్పుకో బిడ్డా. నన్నడిగితే మాత్రం అబద్ధం చెప్ప" అన్నది. ఆ మాటతో నాకు బీహార్ వచ్చేదాకా నిద్రపట్టలేదు.

రక్సౌల్ నుంచి గుర్రపు టాంగా ఎక్కాం. ఒక వంతెన, ఒక కమాను, ఆ వెనక అదే దుమ్ము, అవే ఈగలు, అవే అరటిపండ్ల బండ్లు. "నేపాల్ ఎప్పుడొస్తది?" అని చిన్నమ్మ అడిగింది. వచ్చి పది నిమిషాలైందన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "ఒక్కడన్న కార్డు సూపెట్టుమని అడగలే గదా. గిదేం దేశం? మన తాండూరు బస్టాండ్ల కండక్టర్ గూడ ఇంతకన్న గట్టిగ అడుగుతడు" అన్నది. దిగి, వెనక్కి నడిచిపోయి, గేటు దగ్గర నిలబడ్డ పోలీసుకు తన ఓటరు కార్డు చూపించింది. అతను చూడకుండానే చెయ్యి ఊపి పొమ్మన్నాడు. ఆ అవమానం ఆమె ఖాట్మండు చేరేదాకా మరిచిపోలేదు.

ఖాట్మండులో మేము దిగిన సత్రంలో వేడినీళ్ళు లేవు. నా కాలికి బొబ్బలు, చిన్నమ్మకు జలుబు. అయినా కొండలు చూడకుండా కదలొద్దని ఇద్దరం పట్టుబట్టాం. ఊరవతల గుట్టమీదికి రెండు రోజులు వరుసగా బస్సెక్కి పోతే రెండు రోజులూ మబ్బే. మూడో రోజు పొద్దున మబ్బు తొలిగింది. ఆకాశంలో సగం దాకా తెల్లటి మంచు. చిన్నమ్మ గొంగడి బిగించి కప్పుకుని గుట్ట అంచుదాకా నడిచింది. తర్వాత మెల్లగా, "గింత పెద్దగుంటదని నాకెవ్వరు చెప్పలే" అన్నది, ఎవరిమీదో కోపంగా.

అక్కడి నుంచి తూర్పుకు పద్నాలుగు గంటల బస్సు, మళ్ళీ మన దేశం, సిలిగురి, ఇంకో బస్సు, చివరికి భూటాన్ గడప దగ్గరి ఊరు ఫుంట్‌షోలింగ్. అది శుక్రవారం. గేటు దాటితే ఊళ్ళో తిరగొచ్చు గానీ, లోపలికి, రాజధాని థింఫూకు పోవాలంటే పర్మిట్ కావాలి. శని, ఆదివారాలు ఆఫీసు బంద్. మంగళవారం మా తిరుగు రైలు. కాబట్టి ఆ రోజే పర్మిట్ కావాలి. కౌంటర్లో మోకాళ్ళదాకా గౌనులాంటి బట్ట కట్టుకున్న ఒక యువకుడున్నాడు. చిన్నమ్మ సంబరంగా కార్డు తీసి ఇచ్చింది. ఎట్టకేలకు అడిగేవాడు దొరికాడు. అతను కార్డు చూశాడు, చిన్నమ్మను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. తర్వాత నాకేసి తిప్పి, ఒక చోట వేలు పెట్టాడు. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ స్పష్టంగా ఉంది: పురుషుడు.

"గిదేంది చిన్నమ్మా?"

"గదా? కార్డు వచ్చినప్పటి కెల్లి గట్లనే ఉన్నది. ఓటు కాడ ఎవ్వరు ఫికర్ జెయ్యరు" అన్నది చిన్నమ్మ.

అతను మర్యాదస్తుడే. ఇదే ఊళ్ళో మీ ప్రభుత్వం ఆఫీసు ఉంది, అక్కడ ఫలానా మనిషి ఈమేనని కాగితం తెస్తే పర్మిట్ ఇస్తానన్నాడు. ఆదరాబాదరా పోయాం. అక్కడి గుమాస్తా ఇంకేదైనా ఆధారం చూపించమన్నాడు. చిన్నమ్మ కొంగున కట్టిన సంచిలోంచి ఉపాధి హామీ జాబ్ కార్డు తీసింది. అందులో చిన్నాయిన పక్కన నిలబడ్డ ఫోటో ఉంది, పేరుంది, వయసుంది, "స్త్రీ" అని కూడా ఉంది. కానీ అంతా తెలుగులో ఉంది. నేను చదివి వినిపించబోతే, "మీరు బంధువులు గదా, మీరు చదివితే ఎట్లా నమ్మాలి?" అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది. ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, నాకు చేతనైన ఒకే ఒక్క విద్య ఇంగ్లీషులో ప్రదర్శించాను. "తమకు తెలియజేయునది ఏమనగా, పై విషయమునకు సంబంధించి, మా చిన్నమ్మ పుట్టినప్పటి నుండి స్త్రీయే అయి ఉన్నారని, ఇకముందు కూడా అట్లే ఉండగలరని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." గుమాస్తా రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నవ్వాపుకుంటున్నాడని నాకు తర్వాత అర్థమైంది. సంతకం మాత్రం పెట్టలేదు.

నేను తల పట్టుకుని కూర్చున్నాను. పక్కకు చూస్తే చిన్నమ్మ లేదు. పది నిమిషాలైంది, పావుగంటైంది. భాష రాని ఊళ్ళో, కార్డులో మగమనిషిగా ఉన్న ఆడమనిషి తప్పిపోయిందని ఎవరికి ఏమని చెప్పాలో ఆలోచిస్తుండగా ఆమె గుమ్మంలో కనబడింది. వెనకాల చేతిలో చాయ్ గ్లాసుతో ఒక జవాను. మన వైపు గేటు దగ్గర కనబడ్డ ప్రతి యూనిఫామునూ ఆపి "తెలుగొస్తదా" అని అడుగుకుంటూ పోయిందట. ఏడోవాడు దొరికాడు. శ్రీకాకుళం మనిషి. "మీ పిన్ని నన్ను టీ కాడ నుంచి లాక్కొచ్చేసినాదమ్మా. సూద్దాం, ఏటా కాగితం" అన్నాడు. జాబ్ కార్డు మొదటి నుంచి చివరిదాకా చదివి, మట్టిపని ఎన్ని రోజులు చేసిందో కూడా హిందీలో గుమాస్తాకు వివరించి, "ఆడమనిషే సార్, నేను హామీ" అన్నాడు. ముద్ర పడింది.

నా గడియారంలో అప్పుడు నాలుగున్నర. పర్మిట్ ఆఫీసు అయిదుకు మూస్తారు. పరుగెత్తాం. చేరేసరికి తలుపుకు తాళం. నేను గడియారం చూపించి నిలదీశాను. ఆ యువకుడు మెట్లు దిగుతూ గోడ మీది గడియారం చూపించాడు. అందులో అయిదు దాటి అయిదు నిమిషాలు. భూటాన్‌లో పొద్దు మనకంటే అరగంట ముందు నడుస్తుందని ఆ పేపర్లో ఎవరూ రాయలేదు. "సోమవారం రండి" అన్నాడు.

సోమవారం పర్మిట్ వస్తే సాయంత్రానికి థింఫూ, మంగళవారం తెల్లవారేసరికే తిరుగు ప్రయాణం. ఒక్క సాయంత్రం కోసం ఆరు గంటల ఘాట్ రోడ్డు పోనూ, ఆరు గంటలు రానూ. నేను వద్దన్నాను. నా కాళ్ళు వద్దన్నాయి. చిన్నమ్మ అక్కడే మెట్ల మీద కూర్చుంది. "ఇంత దూరమొచ్చి గడప తొక్కి పోవుడు నాతోని గాదు. నువ్వు గీడ పండుకో, నేను పోయొస్త" అన్నది. ఆమె పోయివచ్చే మనిషేనని నాకు అనుమానం లేదు. ఆగిపోయాం. ఆ రెండు రోజులూ ఒక ముసలావిడ నడిపే చిన్న లాడ్జిలో ఉన్నాం. అక్కడ మిరపకాయల్ని మనం వంకాయల్ని వండినట్టు వండుతారు, పైన కరిగిన జున్నులాంటిది పోసి. మొదటి ముద్దకే నేను నీళ్ళ కోసం వీధిలోకి పరుగెత్తాను. చిన్నమ్మ పళ్ళెం ఖాళీ చేసి, సంచిలోంచి పల్లి కారం తీసి ఆవిడకు పెట్టింది. ఆవిడ నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుని తలూపింది. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఆదివారమంతా ఇద్దరూ మిరపకాయల తొడిమెలు తీస్తూ మాట్లాడుకున్నారు.

సోమవారం పర్మిట్ వచ్చింది. థింఫూలో మాకు దొరికింది సరిగ్గా రెండున్నర గంటల వెలుతురు. అందులో గంటసేపు చిన్నమ్మ ఒక మగ్గం ముందు నిలబడింది. నేసే ఆవిడ లేచి వచ్చి చిన్నమ్మ గొంగడి అంచు వేళ్ళతో నలిపి చూసి ఏదో అడిగింది. "మా గొర్లయే" అన్నది చిన్నమ్మ తెలుగులో, రొమ్ము తట్టుకుని. ఆవిడకు అర్థమైంది.

తాండూరు వచ్చిన వారానికి చిన్నమ్మ కందులమ్మడానికి మార్కెట్‌కు వచ్చి, నన్ను చూసిపోదామని ఆఫీసుకు వచ్చింది. నేను అప్పటిదాకా బంగ్లాదేశ్ సంగతి ఎవరడిగినా దగ్గు తెచ్చుకుంటూ నెట్టుకొస్తున్నాను. సింగపూరక్క కుర్చీ వేసి కూర్చోబెట్టి, నన్నొకసారి చూసి, చిన్నమ్మను అడిగింది. "ఎన్ని దేశాలు తిరిగిండ్రమ్మా?"

"మూడు" అన్నది చిన్నమ్మ.

నా చేతిలోంచి రిజిస్టరు జారింది.

"ఏమేం దేశాలు?"

"నేపాలు, భూటాను, ఇండియ."

"ఇండియ మనదే గదమ్మా. అదెట్ల లెక్క?"

"మీరు సూసిండ్రేమో. నేను హైదరాబాద్ దాటి ఎన్నడన్న పోయిన్నా? బీహారు సూసిన, బెంగాలు సూసిన. వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకు రాదు. తొవ్వల ఒకామె పిల్లను నా ఒడిల పండవెట్టి తాను నిలవడ్డది. నాకైతే అన్నిటికన్న గా దేశమే పెద్దగున్నది" అన్నది చిన్నమ్మ.

సింగపూరక్క నవ్వలేదు. "మళ్ళ పోయేటప్పుడు నాకు జర చెప్పు చెల్లే" అన్నది నాతో, మెల్లగా. ఆ తర్వాత ఆ టేబుల్ దగ్గర సింగపూర్ మాట తగ్గింది. బంగ్లాదేశ్‌కు పోలేదని నేనే ఒకరోజు అందరికీ చెప్పేశాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పుడు నేను వికారాబాద్‌లో ఉంటున్నాను. పాస్‌పోర్టు తీసుకున్నాను, పదేళ్ళు గడిచి కొత్తది కూడా వచ్చింది. రెండింట్లోనూ ఒక్క ముద్ర పడలేదు. పోయిన వారం చిన్నమ్మ ఫోన్ చేసింది. టీవీలో శ్రీలంక చూపించారట. పోదామా అన్నది. పిల్లల పరీక్షలు, ఆఫీసులో లీవు, నా మోకాలు, అక్కడి ఎండ, ముందు హోటల్ ఎట్లుంటదో చూసుకోవాలె, లిఫ్ట్ ఉంటదో లేదో, ఇట్లా నేను చెప్పుకుంటూ పోయాను. చిన్నమ్మ మధ్యలో అడ్డురాలేదు. అంతా అయ్యాక, "నాకన్న ముందుగాల్నే ముసల్దానివైనవు బిడ్డా" అన్నది. ఆమెకు అరవై. నాకు ముప్పై ఎనిమిది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె ఇంకొంచెం ఎక్కువసేపు నవ్వింది.

ఫోన్ పెట్టేశాక గోడకున్న క్యాలెండర్ ముందు కాసేపు నిలబడ్డాను. ఈ నెలా, వచ్చే నెలా ఖాళీ లేదు. ఆ పై నెల కాగితం ఇంకా తిప్పలేదు.